అయిదు మిల్లీమీటర్ల తరంగం: జగదీశ్ చంద్ర బోస్ జీవితం

1895వ సంవత్సరం. కలకత్తా టౌన్‌హాలు. బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ సర్ అలెగ్జాండర్ మెకెంజీ సమక్షంలో, ప్రెసిడెన్సీ కళాశాల భౌతికశాస్త్ర ఆచార్యుడొకరు తన పరికరం నుంచి కంటికి కనిపించని తరంగాలను వెలువరించారు. అవి గవర్నరు దేహాన్ని, అడ్డుగా ఉన్న గోడలను దాటి సుమారు 75 అడుగుల దూరాన ఉన్న గదిని చేరాయి. అక్కడ గంట మోగింది, పిస్తోలు పేలింది, కొద్దిపాటి మందుగుండు భగ్గుమంది. మధ్యలో తీగ ఏదీ లేదు. ఆ ఆచార్యుడే జగదీశ్ చంద్ర బోస్.

1858 నవంబరు 30న నేటి బంగ్లాదేశ్‌లోని మైమన్‌సింగ్‌లో బోస్ జన్మించారు. తండ్రి భగవాన్ చంద్ర బోస్ ప్రభుత్వోద్యోగి. తోటి అధికారులు తమ పిల్లలను ఇంగ్లీషు బడులకు పంపుతున్న రోజుల్లో ఆయన మాత్రం కొడుకును మొదట మాతృభాషలో చదివించారు. ఆ బడిలో జాలరుల పిల్లలు, తండ్రి కొలువులోని సేవకుని కుమారుడు బోస్‌కు సహాధ్యాయులు. తర్వాత కలకత్తాలోని సెయింట్ జేవియర్స్ కళాశాలలో ఫాదర్ లాఫాంట్ బోధన ఆయనను భౌతికశాస్త్రం వైపు మళ్లించింది. వైద్యవిద్యకు 1880లో లండన్ వెళ్లారు గాని, తరచు వేధించిన జ్వరం ఆ చదువును సాగనివ్వలేదు. కేంబ్రిడ్జిలో లార్డ్ రేలే వద్ద విజ్ఞానశాస్త్రం అభ్యసించి తిరిగివచ్చారు.

1885లో ప్రెసిడెన్సీ కళాశాలలో ఉద్యోగం లభించింది. అయితే ఒకే పదవిలో ఉన్న యూరోపియనుకు వచ్చే జీతంలో మూడింట రెండు వంతులే భారతీయునికి ఇచ్చేవారు. తాత్కాలిక నియామకం పేరిట అందులోనూ సగం కోత పడింది. బోస్ పాఠాలు మానలేదు, జీతం ముట్టలేదు. అలా మూడేళ్లు గడిచాయి. ఇంటిని తండ్రి అప్పులు చుట్టుముట్టి ఉన్న కాలమది. 1887లో ఆయనను వివాహమాడిన అబలాదేవి అంతకుముందు మద్రాసులో వైద్యవిద్య అభ్యసించినవారు. కలకత్తాలో స్త్రీలకు ఆ చదువులో ప్రవేశం లేనందున ఆమె అంత దూరం రావలసి వచ్చింది. చివరికి ప్రభుత్వమే దిగివచ్చి, బోస్ ఉద్యోగాన్ని ఖాయం చేసి, బకాయిలతో సహా పూర్తి జీతం చెల్లించింది. ఆ సొమ్ము తండ్రి అప్పులు తీర్చడానికి ఉపకరించింది.

జర్మనీ శాస్త్రవేత్త హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగాల ఉనికిని నిరూపించి అప్పటికి కొన్నేళ్లే అయింది. వాటిపై ఆలివర్ లాడ్జ్ రచన చదివిన బోస్ 1894లో సొంత ప్రయోగాలు ఆరంభించారు. కళాశాలలో స్నానాలగదిని ఆనుకుని ఉన్న ఒక ఇరుకు గదే ప్రయోగశాల. శిక్షణ లేని ఒక రేకుల పనివానికి తానే పని నేర్పి పరికరాలు చేయించుకున్నారు. బూర ఆకారపు యాంటెనాలు, తరంగాలను నడిపించే లోహపు గొట్టాలు, కటకాలు, పట్టకాలు, అన్నీ ఒక బల్లపై ఇమిడిపోయేవి. తరంగాల ధ్రువణాన్ని పరీక్షించే సాధనం మరీ విచిత్రమైనది. బ్రాడ్‌షా రైల్వే టైంటేబుల్ పుస్తకపు పుటల నడుమ తగరపు రేకులు ఉంచి దానిని తయారుచేశారు. మరొక ప్రయోగానికి పురి తిప్పిన జనపనార సరిపోయింది. ఉత్తరాంధ్ర నుంచి భిలాయ్ వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆ నార కొత్తదేమీ కాదు.

ఇతరులు ఎంత పొడవైన తరంగమైతే అంత దూరం పోతుందన్న ఆశతో పరిశోధిస్తుండగా, బోస్ తరంగాన్ని కుదించుకుంటూ పోయారు. ఆయన వాడిన తరంగాల పొడవు 2.5 సెంటీమీటర్ల నుంచి 5 మిల్లీమీటర్ల వరకు ఉండేది. నేటి లెక్కలో 12 నుంచి 60 గిగాహెర్ట్జ్. దూరం ఆయన లక్ష్యం కాదు. ఈ కనిపించని కిరణాలు కూడా వెలుగు వలెనే పరావర్తనం, వక్రీభవనం, ధ్రువణం చెందుతాయని నిరూపించడమే లక్ష్యం. అంత సూక్ష్మమైన పరీక్షలు చిన్న బల్లపై జరగాలంటే తరంగమూ చిన్నదే కావాలి. 1897 జనవరిలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆ పరికరాలను ప్రదర్శించినప్పుడు బ్రిటిష్ శాస్త్రలోకం విస్తుపోయింది.

రేడియోను కనిపెట్టినది బోసా, మార్కోనీయా అన్న వాదన మన దేశంలో ప్రీతిపాత్రమైనది. 1901లో అట్లాంటిక్ మీదుగా వచ్చిన సంకేతాన్ని పట్టిన పాదరసపు గ్రాహకం బోస్ 1899లో ప్రచురించిన పరిశోధనకు రుణపడి ఉందని చూపిన చరిత్రకారులూ ఉన్నారు. కానీ ఆ వాదన వేడిలో అసలు సంగతి మరుగున పడుతోంది. మార్కోనీ వెతికినది దూరాన్ని, వ్యాపారాన్ని. బోస్ ఆ రెండింటినీ కోరలేదు.

1901లో ఒక తంతి సంస్థ యజమాని లాభాల్లో వాటా ఆశచూపి, పరికరానికి పేటెంటు తీసుకొమ్మని ఒత్తిడి చేశారు. బోస్ అంగీకరించలేదు. ఆ సంగతిని మిత్రుడు రవీంద్రనాథ్ టాగూరుకు బాధతో లేఖ రాసి తెలిపారు. సోదరి నివేదిత, సారా బుల్ పట్టుబట్టిన మీదట గెలీనా అనే సీసపు ఖనిజంతో చేసిన తరంగ గ్రాహకానికి మాత్రం అమెరికాలో దరఖాస్తు చేశారు. 1904లో 755840 నంబరుతో పేటెంటు మంజూరైంది. దానినుంచి ఆయన ఆర్జించినది ఏమీ లేదు. అర్ధవాహక పరికరాల చరిత్రలో దానికి తొలి స్థానం దక్కింది. ఈ వైరాగ్యానికి నష్టమూ లేకపోలేదు. పెట్టుబడి అంతా పొడవైన తరంగాల వెంట పోగా, మిల్లీమీటరు తరంగాలు సుమారు అర్ధశతాబ్దం పాటు మరుగున పడ్డాయి.

బోస్ సైతం వాటిని విడిచిపెట్టారు. లోహాల ప్రతిస్పందన నుంచి మొక్కల ప్రతిస్పందన వైపు ఆయన దృష్టి మళ్లింది. మొక్క ఎదుగుదలను వేల రెట్లు పెద్దదిగా చూపే క్రెస్కోగ్రాఫ్ ఆయనకు ప్రపంచఖ్యాతితో పాటు వివాదాలనూ తెచ్చింది. 1917లో తన పుట్టినరోజున కలకత్తాలో బోస్ ఇన్‌స్టిట్యూట్‌ను ప్రారంభిస్తూ, అక్కడి ఆవిష్కరణలకు పేటెంట్లు తీసుకోబోమని, అవి అందరి ఆస్తి అని ప్రకటించారు. 1920లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు.

ఆయన వాడిన 5 మిల్లీమీటర్ల తరంగం, అంటే 60 గిగాహెర్ట్జ్, నేడు మళ్లీ వార్తల్లో ఉంది. గాలిలోని ఆక్సిజన్ ఈ తరంగాన్ని పీల్చుకుంటుంది. కిలోమీటరు పోయేసరికి కేవలం ఆక్సిజన్ వల్లనే బలం ముప్పయ్యో వంతుకు పడిపోతుంది. ఒకనాడు లోపంగా తోచినదే ఇప్పుడు గుణమైంది. ఒక వీధిలోని తరంగం పక్క పేటను ఇబ్బంది పెట్టదు కనుక ఒకే స్పెక్ట్రమ్‌ను ఎందరైనా పంచుకోవచ్చు. భిలాయ్‌లోని వైశాలి నగర్ వంటి కాలనీలో ఇంటింటి వైఫై ఒకే తరంగపట్టీని లైసెన్సు లేకుండా పంచుకుంటున్న తీరు ఇందుకు సులభమైన పోలిక. 60 గిగాహెర్ట్జ్ ప్రాంతాన్ని అమెరికా 1995లోనే లైసెన్సు లేని వాడకానికి తెరిచింది. మన దేశంలో దీనిపై చర్చ ఏళ్ల తరబడి సాగింది.

తక్కువ దూరానికి పనిచేసే చిన్న సెల్ పరికరాలను దీపస్తంభాలు, బస్ స్టాపుల వంటి వాటిపై అమర్చి చూసే ప్రయోగాలను టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022లో భోపాల్, బెంగళూరు మెట్రో సహా కొన్ని చోట్ల చేపట్టింది. అదే ఏడాది 5జీ వేలంలో 26 గిగాహెర్ట్జ్ తరంగాలు అమ్ముడయ్యాయి. వాటి పొడవు 1.2 సెంటీమీటర్ల లోపే. ఆ ఇరుకు గదిలో బోస్ పరీక్షించిన తరంగాల పరిధిలోకే ఇవి వస్తాయి. అప్పట్లో తరంగాలను వంతులు వేసి పంచే వ్యవస్థే లేదు. ఇప్పుడు పరీక్షకు కూడా ప్రయోగాత్మక లైసెన్సు కావలసి రావచ్చు.

బోస్ 79వ పుట్టినరోజుకు సరిగ్గా వారం ముందు, 1937 నవంబరు 23న గిరిడీలో కన్నుమూశారు. ఆయన పరికరాలు కొన్ని నేటికీ కోల్‌కతాలోని బోస్ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. అమెరికాలోని కిట్ పీక్ పర్వతంపై 12 మీటర్ల రేడియో టెలిస్కోపుకు 1.3 మిల్లీమీటర్ల తరంగాల రిసీవర్‌ను నిర్మించిన ఇంజినీర్లు, 1897 నాటి ఆయన పత్రాల్లోని కొన్ని పద్ధతులను అందులో వాడుకున్నారు.