వల గుంజినోని గొంతు

చరిత్రంటే రాజులది, దొరలది అని బడిల జెప్పిన్రు. వల గుంజినోని చరిత్ర ఎవలు రాస్తరు? ఎవలూ రాయకున్నా అది పాటల ఉంటది. ఇంగ్లండ్‌ల సామ్ లార్నర్ బతుకు గట్ల మిగిలిందే.

1878ల నార్ఫోక్ తీరంల వింటర్టన్ అనే ఊర్ల పుట్టిండు. తొమ్మిది మంది పిల్లల్ల ఒకడు. తండ్రి గూడ చేపలు పట్టేటోడే. 8 ఏండ్లకే ఊరికొచ్చినోళ్ల ముందట పాడి చిల్లర పైసలు సంపాదించిండు. 1892ల తెరచాప పడవెక్కిండు. 1899 నుంచి ఆవిరి పడవల మీద పనిజేసిండు.

వాళ్లు పట్టేది హెర్రింగ్ చేప. మన పులసకు దూరపు చుట్టం. రాత్రైతే మందలు మందలుగ నీళ్ల పైకొస్తది. మైలుకు పైగ పొడుగుండే వలలను పరదా లెక్క సముద్రంల ఏలాడదీసేటోళ్లు. వల కండ్లల్ల తల దూరి మొప్పలు ఇరుక్కునేయి. ఇగ సలిల, ఉప్పునీళ్లల్ల గుంజుడే గుంజుడు. దీనికి నెల జీతం లేదు, వాటానే. ఖర్చులు, పడవ యజమాని వాటా పోంగ మిగిలితే పైసలు, లేకుంటే ఉత్త చేతులు.

ఆడోళ్ల కష్టం ఇంకోటి. స్కాట్లండ్ నుంచి వేల మంది ఆడపిల్లలు పడవల ఎంబడి రేవు రేవుకు వలస పొయ్యేటోళ్లు. ముగ్గురొక జట్టు. ఇద్దరు కత్తితోటి చేప పేగులు తీస్తే, ఒకామె ఉప్పేసి పీపాల్ల పేర్చేది. కత్తి కోయకుండ వేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకునేటోళ్లు. అయినా ఉప్పు గాయాల్లకు దిగేది. గా పనిల గూడ పాడుకునేటోళ్లు.

1913ల గ్రేట్ యార్మౌత్ రేవు పడవలతోటి కిక్కిరిసింది. తెల్లారి ఏడాదే యుద్ధమొచ్చింది. ఈ చేపను ఎక్కువ కొనేది జర్మనీ, రష్యా. గా బేరం దెబ్బతిన్నది. రాజ్యాలు కొట్లాడితే కూలోని కంచం ఎండింది. పానం బాగలేక 1933ల లార్నర్ సముద్రం ఇడిసిండు. పాట మాత్రం ఇడవలే. ఊర్ల కల్లు దుకాణమసొంటి పబ్బుల పాడుకుంట ఉన్నడు.

1956ల బీబీసీల పనిజేసే ఫిలిప్ డోనెలన్ ఆయనను గుర్తువట్టిండు. తర్వాత ఇవాన్ మెకాల్, పెగ్గీ సీగర్, చార్లెస్ పార్కర్ ఆయన మాటలు, పాటలు రికార్డు చేసిన్రు. 1960ల 'సింగింగ్ ది ఫిషింగ్' అనే రేడియో కార్యక్రమమైంది. ప్రి ఇటాలియా బహుమతి అచ్చింది. ఆయన మాటల్లకెల్లే మెకాల్ 'షోల్స్ ఆఫ్ హెర్రింగ్' పాట కట్టిండు.

నాకు బహుమతి కన్న ఇంకో ముచ్చట పెద్దగ అనిపిస్తది. గప్పుడు రేడియోల కూలోని మాటలను గూడ నటులే చదివేటోళ్లు. వీళ్లు మాత్రం లార్నర్ గొంతును లార్నర్ యాసలనే దేశానికి ఇనిపిచ్చిన్రు. 1961ల వచ్చిన రికార్డు మీద ఆయన పేరే ఉన్నది. మా దిక్కు నాట్లేసే అవ్వల కాడ పాటలు రాసుకపోయి, భాష కడిగి, తమ పేరు ఏసుకున్నోళ్లను నేను చూసిన. గందుకే ఈ ముసలాయన నాకు దగ్గరోడైండు.

1965ల లార్నర్ పోయిండు. పెద్ద పెద్ద యంత్రాల వేటకు చేప గూడ తరిగింది. 1977ల ఉత్తర సముద్రంల హెర్రింగ్ వేటనే ఆపిన్రు. పడవలు పోయినయ్, పీపాలు పోయినయ్. ఆయన యాస మాత్రం ఇయ్యాల్టికీ ఇనబడ్తది. మన ఊర్లల్ల పాడే ముసలోళ్లు ఇంకా ఉన్నరు. పాట ఒక్కటే కాదు, వాళ్ల పేరు, వాళ్ల యాస గూడ రాసుకోన్రి.