షత్రంజ్ ఇక డ్రాయే అన్న రోజుల్లో మీర్ సుల్తాన్ ఖాన్

తుమ్మపాల (అనకాపల్లి): ఇద్దరూ ఒక్క తప్పు కూడా చేయకుండా ఆడితే షత్రంజ్ డ్రా అవుతుందా? ఫోన్‌లో చెస్ ఆడే మన పిల్లలకు వచ్చే ఈ డౌటు పెద్ద పెద్ద ఛాంపియన్లకూ వచ్చిందే. 1927లో ప్రపంచ టైటిల్ కోసం కాపాబ్లాంకా, అలెఖైన్ 34 ఆటలు ఆడితే 25 డ్రా అయ్యాయి. ఇలాగైతే ఆట చచ్చిపోతుందని, బోర్డు పెద్దది చేయాలని కాపాబ్లాంకాయే అనేవారు. ఆయన్ని ఓడించడం అంత కష్టం మరి. 1916 నుంచి 1924 దాకా ఒక్క ఆటా పోగొట్టుకోలేదు.

అలాంటాయన్ని ఓడించారు మన సుల్తాన్ ఖాన్. 1905లో పంజాబ్‌లోని మిఠా తివానాలో పుట్టారు, ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. తండ్రి దగ్గర నేర్చుకున్నది దేశీ షత్రంజ్. అందులో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదులుతుంది. 1928లో అఖిల భారత ఛాంపియన్ అయ్యాక సర్ ఉమర్ హయాత్ ఖాన్ ఆయన్ని లండన్ తీసుకెళ్లారు. 1929లోనే బ్రిటిష్ టైటిల్ కొట్టేశారు, తర్వాత 1932, 1933లో కూడా. ఆయన నౌకరు అని చాలామంది రాశారు గానీ కుటుంబం వాళ్లు ఒప్పుకోరు.

1930-31 హేస్టింగ్స్ పోటీలో కాపాబ్లాంకాతో ఆడుతూ సుల్తాన్ ఖాన్ తన వజీర్‌నే వదులుకున్నారు. బదులుగా కాపాబ్లాంకా రెండు ఏనుగుల్నీ తీసుకున్నారు. అక్కణ్నుంచి సుల్తాన్ ఖాన్ ఏమాత్రం తొందరపడకుండా నొక్కుకుంటూ వెళ్లి 65 ఎత్తుల్లో ఆట ముగించారు.

మరి డ్రా సంగతి? బోర్డు మీద ఏడు పావులే మిగిలితే ఫలితం ఏంటో కంప్యూటర్లు తేల్చేశాయి. 32 పావులతో మొదలయ్యే పూర్తి ఆట మాత్రం ఇంకా తేలలేదు. చెకర్స్ డ్రా అని 2007లో రుజువైంది. చెస్ కూడా అంతేనని ఎక్కువమంది నమ్మకం, నమ్మకమే.

1933లో అదే ఇంటి నుంచి వెళ్లిన ఫాతిమా బ్రిటిష్ మహిళల టైటిల్ గెలిచారు. ఆ ఏడాది చివర్లో అందరూ తిరిగొచ్చేశారు. సుల్తాన్ ఖాన్‌కు అప్పటికి ముప్పై కూడా నిండలేదు! మళ్లీ యూరప్ పోటీలకు వెళ్లలేదు, సర్గోధా దగ్గర వ్యవసాయం చూసుకున్నారు. 1966 ఏప్రిల్ 25న ఇంతెఖాల్ అయ్యారు. ప్రపంచ చెస్ సమాఖ్య ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ టైటిల్ ఇచ్చింది 2024లో.