ఏటినీరు కొలిచిన ఒంటిచేతి మేష్టారు

డిగ్రీ ఎప్పుడు చేతికొస్తుందా అని మనమంతా రోజులు లెక్కపెట్టుకుంటున్నాం గదా! మూడు కాలేజీల్లో చదివి, ఒక్క దాంట్లోనూ డిగ్రీ పూర్తి చేయకుండానే ప్రొఫెసరై, ఆపైన ఒక మహాదేశపు భూగర్భ సర్వే సంస్థకే డైరెక్టరైన మనిషి ఒకడున్నాడు. ఆయన పేరు జాన్ వెస్లీ పవెల్. కొలరాడో నదిని పడవల మీద దాటిన సాహసికుడిగా ఆయన్ని లోకం ఎరుగును. కాని అంతకంటె పెద్ద సాహసం ఆయన ఇంకొకటి చేశాడు. ఉన్న నీళ్ళెన్నో కొలిచి, ఆ లెక్కను మొహమాటం లేకుండా పైకి చెప్పాడు.

పవెల్ 1834 మార్చి 24న న్యూయార్క్ రాష్ట్రంలోని మౌంట్ మోరిస్‌లో పుట్టాడు. తండ్రి ఇంగ్లండు నుంచి వలస వచ్చిన మతబోధకుడు, బానిసత్వానికి బద్ధవిరోధి. తండ్రి అభిప్రాయాలకు కొడుకు బడిలో రాళ్ళదెబ్బలు తినవలసి వచ్చింది. అందుకని ఒక పండితుడి దగ్గర వేరుగా చదువుకొన్నాడు. రాళ్ళూ, మొక్కలూ, నత్తగుల్లలూ ఏరుకోవడం అక్కడే అలవాటయింది. ఇరవయ్యేళ్ళు దాటాక మిసిసిపీ, ఒహైయో నదుల మీద పడవ వేసుకొని ఒంటరిగా తిరిగాడు.

అంతర్యుద్ధం వచ్చింది. ఉత్తరాది సైన్యంలో చేరాడు. 1862 ఏప్రిల్ 6న షైలో యుద్ధంలో తుపాకి గుండు తగిలి కుడిచెయ్యి పోయింది. ఇంకొకరైతే ఇంటిదారి పట్టేవారు. ఈయన మళ్ళీ సైన్యంలోకే వెళ్ళి మేజర్ హోదాతో బయటికొచ్చాడు. 1865లో ఇల్లినాయిలో భూగర్భశాస్త్రం ప్రొఫెసరయ్యాడు. రాళ్ళ గురించి గదిలో కూర్చుని చెబితే ఏం లాభమనుకున్నాడో ఏమో, 1867లో విద్యార్థుల్ని వెంటబెట్టుకొని రాకీ పర్వతాలకు బయలుదేరాడు. మరుసటేడు 14,000 అడుగులు దాటిన లాంగ్స్ శిఖరం ఎక్కాడు. మంచు కరిగి కొండవాగులు ఎలా పుడతాయో, ఎండ ముదిరేసరికి ఎలా సన్నబడిపోతాయో అక్కడ కళ్ళారా చూశాడు.

1869 మే 24న నాలుగు పడవల్లో పదిమంది గ్రీన్ నది మీద బయలుదేరారు. ఒక పడవ బద్దలై తిండిగింజలు నీటిపాలయ్యాయి. ఒకడు మధ్యలోనే మానుకున్నాడు. చివర్లో ఒక భయంకరమైన సుడి దగ్గర మరో ముగ్గురు గట్టెక్కి వెళ్ళిపోయారు. వాళ్ళు మళ్ళీ ప్రాణాలతో కనిపించలేదు. ఆగస్టు 29న గ్రాండ్ కాన్యన్ దాటి బయటపడింది ఆరుగురే. పవెల్ ఒక్కరోజులో జాతీయ వీరుడైపోయాడు.

వీరుడుగా ఉండిపోతే సుఖంగానే ఉండేవాడు. కాని ఆ ప్రయాణాల్లో ఆయన చూసిన నిజం ఆయన్ని నిద్రపోనివ్వలేదు. నూరో రేఖాంశానికి పడమటగా చాలాచోట్ల ఏడాదికి 20 అంగుళాల వాన కూడా పడదు. ప్రభుత్వమేమో 1862 చట్టం ప్రకారం మనిషికి 160 ఎకరాలు పంచుతోంది. నాగలి దున్నితే దాని వెంట వాన కూడా వస్తుందని భూముల బేరగాళ్ళు ప్రచారం చేస్తున్నారు. జనం నమ్మి వెళుతున్నారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్లు, నీళ్ళు లేవు, కాలువ లేదు, మాగాణికి పట్టా మాత్రం సిద్ధం!

1878లో పవెల్ శుష్కభూముల మీద ఒక నివేదిక సమర్పించాడు. యూటా ప్రాంతంలో నీరు పారించగల నేల నూటికి మూడెకరాలకు మించదని అందులో లెక్క తేల్చాడు. నీరున్న చోట 80 ఎకరాలు చాలు, నీరు లేని పచ్చికబీడు అయితే 2,560 ఎకరాలైనా కావాలి అన్నాడు. భూమిని చదరాలుగా గీతలు గీసి పంచకండి, ఏటిని బట్టి, వాగుని బట్టి రైతులే సంఘాలుగా ఏర్పడేట్లు పంచండి అన్నది ఆయన సలహా. ప్రభుత్వం పట్టించుకోలేదు.

1881లో ఆయన భూగర్భ సర్వే డైరెక్టరయ్యాడు. కరువు దెబ్బ తగిలాక 1888లో కాంగ్రెసు నీటిసర్వేకి లక్ష డాలర్లు మంజూరు చేసింది. పవెల్ మొదట చేసిన పని ఏమిటో తెలుసా? ఆనకట్ట కట్టడం కాదు, కొలవడం నేర్పించడం. న్యూమెక్సికోలో రియోగ్రాండే ఒడ్డున ఎంబుడో అనే చోట చలికాలంలో క్యాంపు పెట్టించాడు. అక్కడ చేరినవాళ్ళు చాలావరకు మనలాంటి కుర్రాళ్ళే, కాలేజీ నుంచి అప్పుడే బయటికొచ్చిన ఇంజనీర్లు. వాళ్ళకి పెద్ద ఫ్రెడరిక్ న్యూయెల్. నది అడ్డుకొలతని భాగాలు చేసి, ఒక్కో భాగంలో లోతు ఎంతో, వడి ఎంతో చూసి, గుణించి కూడితే క్యూసెక్కులు వస్తాయి. ఒడ్డున అంగుళాల గుర్తులు పెట్టి, ఏ మట్టానికి ఎంత ప్రవాహమో పట్టీ తయారుచేసుకుంటే ఆ తర్వాత రోజూ మట్టం చూస్తే చాలు. 1889లో మొదలైన ఆ కేంద్రంలో ఈనాటికీ నీరు కొలుస్తూనే ఉన్నారు.

ఈ సర్వే తేలేదాకా కొత్త పట్టాలు ఆగిపోయాయి. అంతే, పెద్దలకు కోపం వచ్చింది. 1890లో సర్వేకి డబ్బు నిలిపేశారు. 1893లో లాస్ ఏంజిలిస్ నీటిపారుదల మహాసభలో పవెల్, ఉన్న భూమికి చాలినంత నీరు లేదనీ, మీరు పోగుచేసుకుంటున్నవి నీటి తగాదాలేననీ ముఖాన చెప్పేశాడు. సభ కేకలు పెట్టి ఆయన్ని ఎగతాళి చేసింది. మరుసటేడు పదవి వదిలేశాడు. 1902 సెప్టెంబర్ 23న మెయిన్ రాష్ట్రంలో కన్నుమూశాడు.

ఆయన మాట చెవిన పెట్టనందుకు మూల్యం తక్కువేం కాదు. 1922లో ఏడు రాష్ట్రాలు కొలరాడో నదిని పంచుకొన్నాయి. లెక్కకు తీసుకున్నవి వానలు బాగా పడిన ఏళ్ళు. ఎగువకి 75 లక్షల ఎకరం అడుగులు, దిగువకి 75 లక్షలు. 1944లో మెక్సికోకి మరో 15 లక్షలు. 2000 నుంచి చూస్తే లీస్ ఫెర్రీ దగ్గర సగటున ఏటా వస్తున్నది కోటి పాతిక లక్షల ప్రాంతంలోనే. చాలా ఏళ్ళు ఆ నది సముద్రం మొహమే చూడలేదు.

నిజం చెప్పుకోవాలంటే పవెల్ కూడా వాగులో నీరు వదలమన్నవాడు కాదు. ప్రతి చుక్కా పొలానికి మళ్ళాలనే ఆయన ఆశ. చేపకీ, ఒడ్డున చెట్టుకీ వాటా ఉందన్న ఆలోచన తర్వాతి తరాలది. ఆయన ఎక్కిన కొండలున్న కొలరాడో రాష్ట్రంలో ముందు మళ్ళించుకున్నవాడిదే ముందు హక్కు. వాగులో పారే నీటికి ఏ హక్కూ లేదు. 1973లో శాసనసభ ఒక చట్టం చేసి, రాష్ట్ర జలసంరక్షణ బోర్డు వాగు పేరిట కూడా హక్కు సంపాదించవచ్చంది. కాని ఊరికే ఇవ్వరు. అక్కడ కాపాడదగ్గ ప్రకృతి ఉందా, అందుకు చాలినంత నీరు నిజంగా దొరుకుతుందా, పాత హక్కుదారులకు నష్టం లేదా అని మూడూ తేలాలి. అందుకని మనుషులు మోకాలిలోతు చల్లటి నీళ్ళలో నిలబడి లోతూ, వడీ కొలుస్తారు. కొలమానం లేని వాగైతే పక్క పరీవాహకపు లెక్కను విస్తీర్ణాన్ని బట్టి సరిచూస్తారు. ఎగువన కాలువలు మళ్ళించే నీటిని కూడా లెక్కలోకి తీసుకుంటారు. వేసవి వరద ఒక లెక్క, గడ్డకట్టే చలికాలపు సన్నటి ధార ఇంకొక లెక్క.

చూశారా, ఎంబుడో క్యాంపులో కుర్రాళ్ళు నేర్చిన పనే అది! పొలానికి నీరు కావాలన్నా, వాగుకి నీరు మిగలాలన్నా ముందు పుస్తకంలో ఉండవలసింది నికరమైన అంకె. ఆ అంకె మనకు నచ్చనిదైనా సరే, దాన్ని సభలో నిలబడి చదవగలగాలి. ఒక్క చేత్తో నదిని గెలిచిన పవెల్‌కి సభను గెలవడం చేతకాలేదు. అయినా ఆనాడు కేకలు పెట్టినవాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తులేవు, ఏరు మాత్రం ఆయన చెప్పినంతే పారుతోంది.