రాతికత్తి జాడలో రాబర్ట్ బ్రూస్ ఫుట్

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు పోవు త్రోవలో తూర్పుదిక్కున నల్లమల కొండలు కోటగోడవలె సాగియుండును. పడమట కుందూనది తడుపు నల్లరేగడి నేల. దాని కావల ఎర్రమల. కమ్మరి కొలిమి నుండి కత్తియు, కొడవలియు వెలువడుటకు ఎన్నియో వేల యేండ్లకు ముందే ఈ కొండలనడుమ మానవుడు వేటమాంసమును కోసెను, తోలు నొలిచెను, కొయ్యను చెక్కెను. నాడు అతనికి రాయియే కత్తి. ఆ రాతి యెన్నికను బట్టి ఆ మానవుని చరిత్రను చదువనేర్చినవాడు రాబర్ట్ బ్రూస్ ఫుట్.

ఫుట్ 1834లో ఇంగ్లండునందలి చెల్టెన్‌హాములో జన్మించెను. 1858లో భారత భూగర్భ పరిశోధనశాఖలో చేరి దక్షిణదేశమునకు వచ్చెను. రాతిపొరలను పరిశీలించి పటములు వ్రాయుట అతని యుద్యోగము. ప్రాచీనమానవుని వెదకుట ఆ యుద్యోగములోనిది కాదు. కాని 1859లో ఐరోపా పండితులు, ఫ్రాన్సుదేశమున సోమ్ నదీతీరమందు దొరకిన చెకుముకిరాతి పనిముట్లు అతిప్రాచీన మానవుని చేతిపనియే యని అంగీకరించిరి. అట్టి మానవుడు ఈ నేలపై కూడ తిరుగాడెనా యను ప్రశ్న ఫుట్ మనసున నాటుకొనెను. 1863 మే 30వ తేదీన మద్రాసు చెంతనున్న పల్లావరములో, ఒక కంకరగోతియందు అతనికి రాతి చేతిగొడ్డలి లభించెను. ఆ సెప్టెంబరులోనే సహోద్యోగియగు విలియం కింగుతో కలసి అత్తిరంపాక్కములో మరికొన్ని కనుగొనెను.

ఆ పనిముట్లు చెకుముకిరాతివి కావు, క్వార్ట్జైటువి. ఇసుకరేణువులు ఒండొంటితో గట్టిగా బిగిసి యేర్పడిన రాయి యది. నల్లమలలో ఈ రాతికి కొదువ లేదు. అంచున మరియొక రాతితో నేర్పుగా కొట్టినచో ఆలిచిప్పవంటి వంపుతో పెచ్చు లేచి, పదునైన వాదర యేర్పడును. బరువైన పనికి అది త్వరగా మొక్కవోదు. నల్లరాతిగుండ్ల గ్రానైటును అట్లే కొట్టినచో పలుకులుగా రాలును. కాని సన్నని, పలుచని చాకు కావలెనన్న క్వార్ట్జైటు కంటె నునుపైన పలుకుగల చెర్టు, అగేటు వంటి రాళ్లు మేలు. ఆళ్లగడ్డ శిల్పి రాతి గట్టిదనము ననుసరించి ఉలిని ఎన్నుకొనునట్లు, ఆనాటివాడు పని ననుసరించి రాతిని ఎన్నుకొనెను.

ఫుట్ ఈ వివేకమును గుర్తించెను. దొరకిన ప్రతివస్తువును ఏ చోటిది, ఏ రాతితో చేసినది యని వ్రాసియుంచెను. ప్రాచీన శిలాయుగమువారు క్వార్ట్జైటును విశేషముగా వాడిరనియు, నవీన శిలాయుగమువారు గొడ్డళ్లకు నల్లని ట్రాపురాతిని, చాకులకు చెర్టు వంటివానిని గైకొనిరనియు తేల్చెను.

1884లో అతనికి గొప్ప పరీక్ష యెదురయ్యెను. నేటి నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల దాపున బిల్లసర్గం గుహలు కలవు. 1844లోనే న్యూబోల్డ్ అను సైనికాధికారి అచ్చటి శిలీభూతమైన యెముకలను గూర్చి వ్రాసియుండెను. హక్స్‌లీ పండితుని ప్రేరణచే మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ ఆ గుహలను త్రవ్వింపదలచగా ఆ భారము ఫుట్‌పై పడెను. సైన్యమున అధికారియైన కుమారుడు హెన్రీ తండ్రికి తోడై త్రవ్వకమును కొనసాగించెను. ఎముకలు వేలకొలదిగా వెలువడినవి. వానిలో సుమారు 200 మానవుడు చెక్కి పనిముట్లుగా మలచినవని ఫుట్ భావించెను. కాని ఎన్నినాళ్లు వెదకినను రాతికత్తి ఒక్కటియు దొరకలేదు. ఇరువది యేండ్లుగా రాతిపనిముట్లను సేకరించినవానికి ఇది చిన్న యాశాభంగము కాదు. అయినను అతడు లేనిదానిని లేదనియే ప్రకటించెను.

1891లో ఆ కొలువు విరమించి, పిదప బరోడా, మైసూరు సంస్థానములలో పనిచేసెను. నాలుగు వందలకు పైబడిన స్థలములనుండి కూర్చిన సేకరణ 1904లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియమునకు చేరెను. దాని పట్టికను సిద్ధపరచుటకే చివరి యేండ్లను వినియోగించి, అది అచ్చున వెలువడుటను చూడకయే 1912 డిసెంబరు 29న కలకత్తాలో మరణించెను. ఆ గ్రంథము 1914, 1916 సంవత్సరములలో రెండు సంపుటములుగా వెలసెను.

బిల్లసర్గం యెముకల సేకరణ పిమ్మట కానరాకపోవుటచే, అవి నిజముగా పనిముట్లేనా యని పండితులు సందేహించిరి. ఆ సందేహము చాలకాలము నిలిచెను. తుదకు 1970 తరువాతి యేండ్లలో ఎం. ఎల్. కె. మూర్తి అదే ప్రాంతమున ముచ్చట్ల చింతమాను గవిని త్రవ్వగా, ఎముక పనిముట్లతోపాటు రాతికత్తులును బయల్పడినవి. వాని వయస్సు సుమారు 17,000 ఏండ్లని లెక్కతేలెను. పిదప బనగానపల్లె చేరువనున్న జ్వాలాపురములో 35,000 ఏండ్లనాటి చిన్న రాతిపలుకులు లభించినవి.

ఫుట్ వెదకిన రాతికత్తి అతడు త్రవ్విన చోట కాక, సమీపపు గవిలో నుండెను. దొరకనిదానిని దొరకినట్లు వ్రాసియుండినచో నాటికి కీర్తి హెచ్చియుండెడిదేమో. కాని తరువాతివారు అతని వ్రాతను నమ్మి అదే కొండలకు మరల వచ్చియుండెడివారు కారు.