చెరసాలలో మొదలైన యాత్ర

నరుని హృదయపు ఊహ చెడిపోయిందని ఆదికాండము 6:5 చెబుతోంది. అందుకే మన విశ్వాసుల్లో చాలామందికి ఊహ అంటేనే అనుమానం. వాక్యం చాలదా, కల్పన ఎందుకు అంటారు. సరిగ్గా ఈ ప్రశ్నే 'యాత్రికుని ప్రయాణము' రాసిన జాన్ బన్యన్‌కూ ఎదురైంది.

బన్యన్ 1628లో ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్ దగ్గర ఎల్‌స్టో గ్రామంలో పుట్టాడు. తండ్రిది చిల్లులు పడిన గిన్నెలకు మాట్లు వేసే వృత్తి. కొడుకూ అదే నేర్చాడు. చదువు అంతంత మాత్రం. చిన్ననాటి నుంచే నరకాన్ని గూర్చిన పీడకలలు ఆయన్ను వెంటాడాయి. పెళ్లినాటికి ఇంట్లో సామాను కూడా లేదు. భార్య తెచ్చిన రెండు భక్తి పుస్తకాలే ఆ ఇంటి ఆస్తి.

ఒకరోజు పని మీద బెడ్‌ఫర్డ్ వెళ్లినప్పుడు, గుమ్మం ముందు ఎండలో కూర్చుని నూతన జన్మ గురించి సంతోషంగా మాట్లాడుకుంటున్న పేద స్త్రీలను చూశాడు. ఆ తర్వాత ఆయన మనసులో ఒక దృశ్యం మెదిలింది. వాళ్లు కొండకు ఎండ కాసే వైపున ఉన్నారు. తాను మంచులో వణుకుతున్నాడు. మధ్యలో గోడ, అందులో ఒక ఇరుకైన సందు. ఎంతో పెనుగులాడితే తప్ప అందులో దూరలేకపోయాడు. పాపాన్ని మోసుకుంటూ ఎవరూ ఆ సందులో పట్టరని ఆయనకు అర్థమైంది. భయపెట్టిన ఊహనే దేవుడు బోధకునిగా మార్చాడు.

1660 నవంబరులో, ప్రభుత్వ అనుమతి లేకుండా బోధిస్తున్నాడని బన్యన్‌ను బంధించారు. ఇక బోధించనని మాట ఇస్తే చాలు, విడుదలే. ఇంటి దగ్గర నలుగురు పిల్లలు. పెద్దమ్మాయి మేరీకి పుట్టుకతోనే చూపు లేదు. రెండో భార్య ఎలిజబెత్ ఆ దిగులుతో కడుపులోని బిడ్డను పోగొట్టుకుంది. అయినా 1661లో న్యాయమూర్తుల ముందు నిలబడి ధైర్యంగా భర్త పక్షాన వేడుకుంది. ఫలితం లేదు. బన్యన్ ఆ మాట ఇవ్వలేదు. జైల్లో లేసులు తయారు చేసి అమ్మి కుటుంబాన్ని ఆదుకుంటూ 12 ఏళ్లు గడిపాడు.

ఆ చెరసాల రోజుల్లోనే ఒక కల రూపంలో యాత్రికుని కథ మొదలైంది. అచ్చు వేయించాలా వద్దా అని మిత్రులను అడిగితే కొందరు సరే అన్నారు, కొందరు వద్దన్నారు. ఉపమానాలతో సత్యం మసకబారుతుందని వాళ్ల భయం. ప్రవక్తలూ, ప్రభువూ అలాగే బోధించారు కదా అన్నది బన్యన్ సమాధానం. నిజమే. దావీదుకు ధర్మశాస్త్రం తెలియక కాదు. నాతాను పేదవాని గొర్రెపిల్ల కథ చెప్పేవరకు తన పాపం తనకు కనబడలేదు (2 సమూయేలు 12). తెలిసిన సత్యాన్ని కళ్లకు కట్టించి, మనల్ని అందులో నిలబెట్టేదే దేవుడు వాడుకునే ఊహ.

1678లో ఆ పుస్తకం వెలువడింది. వీపున మూటతో బయలుదేరిన యాత్రికుడు ఊబిలో కూరుకుపోతాడు. సిలువ దగ్గర ఆ మూట జారి ఖాళీ సమాధిలో పడిపోతుంది. తర్వాత నిరాశ అనే రాక్షసుని కోటలో బందీ అయినప్పుడు, తాళం తీసే వాగ్దానమనే చెవి తన రొమ్ముననే ఉందని గుర్తొస్తుంది. క్షమాపణ గురించి ఎన్నో ప్రసంగాలు విన్నవాళ్లు సైతం ఇక్కడ ఆగి తమ మూటను తడిమి చూసుకున్నారు. ఈ పుస్తకం 200కు పైగా భాషల్లోకి వెళ్లింది, మన తెలుగులోకీ వచ్చింది.

1688 ఆగస్టులో, ఒక తండ్రీకొడుకులను సమాధానపరచి వస్తూ బన్యన్ వానలో తడిసి జబ్బుపడ్డాడు. ఆ నెల 31న లండన్‌లో ప్రభువును చేరుకున్నాడు.

మన ఊహ ఖాళీగా ఉండదు. భయమో, పగో, టీవీయో దాన్ని నింపుతూనే ఉంటుంది. ఈ వారం సండే స్కూల్లో పిల్లలకు వాక్యం కంఠతా పెట్టించడంతో ఆగకుండా, తప్పిపోయిన కుమారుని కోసం దారి చూస్తున్న తండ్రిని వాళ్లు మనసారా చూసేలా చెబుదాం. ముందుగా మనం చూద్దాం. మన వీపు మీద మూట ఇంకా ఉందా? సిలువ దూరంలో లేదు.