అంకితం వెంకట నరసింగరావుగారు

దానము లనేకవిధములు. అన్నదానము, జలదానము, విద్యాదానము లోకవిదితములు. సరియైన కాలమును జనులకు పంచిపెట్టుటయు నొక దానమే. ఆ దానమును విశాఖపట్టణమున నడపిన మహనీయులు అంకితం వెంకట నరసింగరావుగారు.

వీరు 1827వ సంవత్సరమున జన్మించిరి. ఆంగ్లవిద్య నభ్యసించి డిప్యూటీ కలెక్టరు పదవి నందిరి. వీరి మామగారు గోడే వెంకట జగ్గారావుగారు. ఆయన మదరాసు వేధశాలాధిపతి టేలరు దొరకడ జ్యోతిశ్శాస్త్రము నేర్చి, 1840లో విశాఖపట్టణమున డాబాతోటలోని తమ గృహమున స్వంత వ్యయముతో వేధశాలను నెలకొల్పిరి. 1856లో జగ్గారావుగారు స్వర్గస్థులు కాగా, ఆ యంత్రములు తుప్పుపట్టిపోవలసిన సమయము వచ్చెను. అప్పుడు నరసింగరావుగారు పెద్ద ఉద్యోగమును విడనాడి ఆ భారమును తలకెత్తుకొనిరి.

నక్షత్రము యామ్యోత్తర రేఖను దాటు క్షణమును దూరదర్శనితో కనిపెట్టి, దానితో గడియారమును సరిచూచుట వేధశాల పని. అట్లు సాధించిన కాలమును ఊరివారికిని, ఓడలవారికిని చేర్చుట వేరొక పని. డాల్ఫిన్ నోసు కొండమీది ధ్వజస్తంభముపై జెండా సంకేతముగ నుండెడిది, ఫిరంగియు మ్రోగెడిది. ప్రభుత్వము ఫిరంగి వ్యయమును మానుకొనినపుడు దానిని తామే భరింతుమని నరసింగరావుగారు ముందుకు వచ్చిరి.

ఇది వేడుక కాదు. మన తీరపు జాలరులు పిల్లలకోడిని, గొల్లకావడిని చూచి రాత్రి ప్రొద్దును గుర్తింతురు. తీరమునకు చేరువ వేటకు అది చాలును. కాని దూరసముద్రమున పోవు ఓడ తానున్న రేఖాంశమును గడియారమువలననే తెలిసికొనవలసియుండెను. భూమి 4 నిమిషములకొక డిగ్రీ తిరుగును. గడియారము 4 సెకనులు తప్పిన, మన తీరమున ఓడ లెక్క మైలుకు మించి తప్పును. చీకటిలో ఆ మైలే ప్రాణములు తీయగలదు. మరియు ఫిరంగి ధ్వని కిలోమీటరు దూరమేగుటకు సుమారు 3 సెకనులు పట్టును. గాలివాటును బట్టి అదియు మారును. కావున వినినవాడు దూరమును లెక్కించి తీసివేయవలెను. కన్నులకు తోచు జెండాకు ఈ చిక్కు లేదు.

సంకేతము దారిలో చేయు ఆలస్యము నేటికిని శాస్త్రజ్ఞులకు సమస్యయే. ఇపుడు గాజుతంతులలో వెలుగుద్వారా కాలప్రమాణమును పంపుచున్నారు. వేడికి తంతి సాగును, చలికి కుదియును. దానితో సంకేతము చలించును. అందుచే కొంత వెలుగును ఆవలి కొననుండి మరల రప్పించి, పంపిన దానితో సరిపోల్చి, తేడాను వెంటనే సవరింతురు. జర్మనీలో 920 కిలోమీటర్ల తంతిపై ఇట్లు సాధించిన ఫలితము 2012లో ప్రకటితమయ్యెను.

నరసింగరావుగారు 1874లో శుక్రుడు సూర్యబింబమును దాటుటను పరిశీలించిరి. నిత్యము వాతావరణ వివరములు వ్రాయించిరి. 1871లో లండనులోని రాజకీయ జ్యోతిశ్శాస్త్ర సంఘము వీరిని సభ్యులుగ గైకొనెను. 1892లో దివంగతులైరి.

జగ్గారావుగారు నాటిన మొక్క నరసింగరావుగారి చేతిలో ఎండిపోలేదు. సంస్థలను స్థాపించువారు కొందరు, నిలుపువారు మరికొందరు. ఇరువదియైదేండ్లు నిలిచిన గ్రంథాలయమునకు ఈ రెండవవారి చరిత్రము స్మరణీయము.