రాకడ కోసం ఎదురుచూస్తూ... డిచ్‌పల్లి డాక్టరమ్మ

మా మేడ్చల్ స్టేషన్ మీదుగా నిజామాబాద్ వైపు వెళ్లే రైలు దారిలోనే డిచ్‌పల్లి ఉంది. నా చిన్నప్పుడు పెద్దవాళ్లు ఆ ఊరి పేరెత్తితే గొంతు తగ్గించేవారు. అక్కడ ‘పెద్దరోగం’ ఆసుపత్రి ఉందని! ఆ ఆసుపత్రి వెనక ఓ ఆడమనిషి ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆమె పేరు ఇసబెల్ కెర్.

మేడ్చల్, శామీర్‌పేట చర్చిల్లో డిసెంబరు వచ్చిందంటే క్రిస్మస్‌తో పాటు ప్రభువు రెండో రాకడ గురించి కూడా చెబుతారు. ఆయన ఎప్పుడొస్తాడు, గుర్తులేమిటి అని లెక్కలు వేసేవాళ్లు కొందరుంటారు. నాకు ఆ లెక్కలు అర్థం కావు. మత్తయి సువార్తలో మాత్రం ఒక మాట సూటిగా ఉంది. తిరిగొచ్చిన రాజు ముందుగా అడిగేది ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టావా, జబ్బుపడినవాణ్ని చూడ్డానికి వెళ్లావా అనే. అది విన్నప్పుడల్లా నాకు ఈ డాక్టరమ్మే గుర్తొస్తుంది.

ఇసబెల్ 1875లో స్కాట్లండ్‌లో ఓ రైతు ఇంట పుట్టింది. ఆడపిల్లలు డాక్టరు చదవడం అక్కడా కొత్తే. అలాంటి రోజుల్లో అబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి 1903లో పట్టా పుచ్చుకుంది. అదే ఏడాది జార్జి కెర్‌తో పెళ్లయింది. 1907లో భార్యాభర్తలిద్దరూ వెస్లియన్ మెథడిస్టు మిషనరీలుగా నిజాం రాజ్యానికి వచ్చి నిజామాబాద్‌లో కాపురం పెట్టారు.

అప్పట్లో కుష్ఠు వచ్చిందంటే ఇల్లు, ఊరు రెండూ పోయినట్టే. రోగానికి కారణం ఓ సూక్ష్మజీవి అని 1873లోనే హాన్సెన్ అనే నార్వే డాక్టరు కనిపెట్టాడు. కానీ ఆ సంగతి మన పల్లెల దాకా ఎక్కడొచ్చింది? పాపఫలం అనేవారు, వంశదోషం అనేవారు. మగవాడికి వస్తే భార్య వెంట ఉండి కట్టుకట్టేది. ఆడదానికి వస్తే ఎవరు కడతారు చెప్పండి?

1911లో కెర్ దంపతులు నిజామాబాద్‌లో కుష్ఠురోగుల కోసం ఓ చిన్న కేంద్రం మొదలుపెట్టారు. వచ్చేవాళ్లు ఎక్కువ, చోటు తక్కువ. అప్పుడు ఆదుకున్నది రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. ఆయనిచ్చిన పెద్ద విరాళంతో 1915లో డిచ్‌పల్లిలో ఆసుపత్రి లేచింది. విక్టోరియా రాణి పేరు పెట్టారు గానీ, నన్నడిగితే నర్సాగౌడ్ పేరూ పక్కన ఉండాల్సింది.

ఆసుపత్రి అయితే వచ్చింది, మరి మందో? అప్పటికున్నదల్లా చాల్‌మొగ్రా గింజల నూనె. తాగితే కడుపులో తిప్పి వాంతులయ్యేవి. కలకత్తాలో ఎర్నెస్ట్ మ్యూర్ అనే డాక్టరు అలాంటి నూనెలనే సూదిమందుగా ఇచ్చే పద్ధతి మీద పనిచేస్తుంటే, ఇసబెల్ దాన్ని డిచ్‌పల్లికి తెచ్చింది. సూది చాలా నొప్పి. ఒకటి రెండు కాదు, నెలల తరబడి పొడిపించుకోవాలి. పూర్తిగా నయమవుతుందన్న హామీ కూడా లేదు. మంచి తిండి, ఒంటికి పని కూడా చికిత్సలో భాగమేనని మ్యూర్ చెప్పేవాడు. ఊరు వెళ్లగొట్టిన మనిషికి వేళకింత తిండి, చేయడానికో పని దొరకడం ఆ రోజుల్లో చిన్న విషయమా?

ఇక్కడే నేను ఆగిపోతాను. తన ప్రభువు వస్తాడని నమ్మిన మనిషి ఆమె. ఆయన వస్తే రోగాలే ఉండవు కదా, ఈలోగా ఇదంతా ఎందుకని కూర్చోలేదు. ఎవరూ ముట్టని చర్మాన్ని ముట్టుకుని సూది గుచ్చింది. యేసు కుష్ఠురోగిని బాగుచేసేటప్పుడు చెయ్యి చాపి ముట్టుకున్నాడని సువార్తలు చెబుతాయి. ఆమె ఎదురుచూపు అంటే ఆ చెయ్యి చాపడమే అని నాకనిపిస్తుంది.

1923లో ప్రభుత్వం భార్యాభర్తలిద్దరికీ కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. పతకాల సంగతి పక్కన పెడదాం. పాతికేళ్లకు పైగా ఇక్కడే ఉండి, 1933 జనవరిలో ఇసబెల్ కన్నుమూసింది.

నిజమైన మందు రావడం ఆమె చూడలేదు. డాప్సోన్ 1940ల్లో వచ్చింది. రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫార్సు చేసింది. ఇవాళ మా శామీర్‌పేట పక్కన జీనోమ్ వ్యాలీలో టీకాలే తయారవుతున్నాయి. ఇసబెల్ చేతిలో ఉన్నది గింజల నూనె! ఇప్పుడు ఆరు నెలలో, ఏడాదో మాత్రలు వాడితే కుష్ఠు నయమవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో డబ్బు అడగరు. ఒంటి మీద పాలిపోయిన మచ్చగానీ ఎర్రటి మచ్చగానీ ఉండి, అక్కడ స్పర్శ తెలియకపోతే చూపించుకోవాలి. అయినా పెళ్లికావలసిన పిల్ల అని మచ్చను పైటచాటున దాచే తల్లులు ఇంకా ఉన్నారు. చేతివేళ్లు వంకర తిరిగాక తీసుకొస్తే, మాత్రలు రోగాన్ని ఆపుతాయి గానీ వేళ్లను తిన్నగా చేయలేవు.

భర్తకో భార్యకో కుష్ఠు ఉందని విడాకులు అడిగే వీలు మన దేశంలో హిందూ, ముస్లిం, క్రైస్తవ వివాహ చట్టాలన్నిట్లోనూ ఉండేది. దాన్ని తీసేసింది 2019లో. ఇసబెల్ డిచ్‌పల్లిలో పోయిన ఎనభై ఆరేళ్లకు.